గట్టు మీద పిల్లి

రెండు నెలల కిందట ఈ పత్రికలో బావురు పిల్లి గురించి చిన్న వ్యాసం రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేనూ అనుకోలేదు, సంపాదకులూ అనుకోలేదు. కట్టగట్టి పంపారు. విప్పి చూస్తే సగం పిల్లి గురించి, మిగతా సగం నా గురించి. పిల్లి గుట్టు బయటపెట్టబోతే నా గుట్టు బయటపడింది.

ఆ వ్యాసం చదవనివారికి రెండు ముక్కలు. బావురు పిల్లి అంటే నీళ్లలో చేపలు పట్టి తినే అడవి పిల్లి, ఇంగ్లీషులో ఫిషింగ్ క్యాట్. మాది తాళ్లరేవు మండలం. నాన్న నాలుగెకరాల వరిచేనును చెరువు చేసి, రెండు పంటల రొయ్యలు బాగా తీసి, మూడో పంటకు వైట్‌స్పాట్ తెగులు తగిలి అప్పులపాలైన మనిషి. నేను ఆ గట్ల మీదే పెరిగాను. జంతుశాస్త్రం చదివి, నక్కల మీద డాక్టరేటు చేసి, ఇప్పుడు పోస్ట్‌డాక్‌గా కోరింగ మడ అడవుల అంచున బావురు పిల్లులు, నీటికుక్కల మీద పనిచేస్తున్నాను. అందిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఇక్కడ జవాబులు. సంబంధాలు పంపినవారికి మా అమ్మ విడిగా రాస్తానంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్సీ. జువాలజీ పూర్తిచేసింది. బి.ఎడ్. చేయమంటే వినడం లేదు. పీహెచ్‌డీ, ఆ తర్వాత పోస్ట్‌డాక్ చేసి అడవి జంతువుల మీద పనిచేస్తానంటోంది. డాక్టరేటు తర్వాత కూడా చదువేనా? ఇది చదువా, ఉద్యోగమా? జీతం వస్తుందా?
ఒక తల్లి, అమలాపురం

అమ్మా, మా అమ్మ పదేళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఆమెకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

పోస్ట్‌డాక్ డిగ్రీ కాదు. పరీక్ష ఉండదు, పట్టా ఉండదు, పేరు ముందు కొత్తగా తగిలించుకునేదేమీ ఉండదు. డాక్టరేటు వచ్చినవాళ్లు పక్కా ఉద్యోగం దొరికేలోగా ఏదో ఒక సంస్థలో, ఒక పెద్ద శాస్త్రవేత్త దగ్గర, రెండేళ్లకో మూడేళ్లకో ఒప్పందం రాసుకుని చేసే పరిశోధన అది. మన వైపు మాటలో చెప్పాలంటే కౌలు సేద్యం. భూమి ఒకరిది, చెమట మనది, పంట మీద పేరు ఇద్దరిదీ. గడువు తీరగానే గట్టు దిగి ఇంకో ఆసామిని వెతుక్కోవాలి. చదువా ఉద్యోగమా అంటే రెండూ కాదు, రెండూనూ. గోడ మీద పిల్లి అనే మాట మావాళ్లను చూసే పుట్టిందేమో.

జీతం వస్తుంది. కేంద్రం 2023లో సవరించిన ప్రకారం ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసేవాళ్లకు మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. డాక్టరేటు అయ్యాక రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే 58,000 నుంచి 67,000 వరకు, ఆపైన ఇంటి అద్దె భత్యం. వినడానికి బాగానే ఉంది. కాగితం మీద ఉన్నది చేతికి రావడం వేరే సంగతి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట ఐదు నెలల జీతం ఒకేసారి ఇచ్చారు. ఆ ఐదు నెలలూ పడవ కిరాయి నాన్న కట్టాడు. రొయ్యల్లో మునిగిన మనిషి పిల్లుల్లోనూ కొంత మునిగాడు.

పీహెచ్‌డీలో నీకు ఈ పని చేతనవునా అని చూస్తారు. పోస్ట్‌డాక్‌లో ఏ పని చేయాలో నీకు తెలుసా అని చూస్తారు. ప్రశ్న నేనే వేసుకోవాలి, ఖర్చుల పద్దు నేనే రాయాలి, అభయారణ్యంలో అడుగుపెట్టడానికి అటవీశాఖ అనుమతి కోసం నెలల తరబడి నేనే తిరగాలి. చివరికి వచ్చిన ఫలితం నేనే రాసి, తప్పులు వెతకడమే పనిగా ఉన్న సాటి శాస్త్రవేత్తల చేత అవుననిపించుకోవాలి. ఈ పనిలో సగం రాత. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

అడవి జంతువుల మీద పని అనగానే పిల్లలకు టీవీలో చూసిన జీపు, టోపీ, బైనాక్యులర్ గుర్తుకొస్తాయి. నా వారంలో ఒకటిన్నర రోజు బురదలో, రెండు రోజులు మలం కడగడంలో, మిగతాదంతా కంప్యూటర్ ముందు గడిచిపోతుంది. మలం కడగడం ఏమిటో మీ అమ్మాయికి ఇప్పుడే తెలియడం మంచిది. గట్టు మీద ఎండిన పిల్లి మలాన్ని కాగితపు కవరులో వేసి, తేదీ, చోటు రాసి తెచ్చుకుంటాం. నానబెట్టి సన్నటి జల్లెడలో కుళాయి కింద కడిగితే మెత్తనిదంతా పోయి గట్టివి మిగులుతాయి. చేప పొలుసు, పీత డెక్క ముక్క, ఎలుక పన్ను, పిట్ట ఈక కాడ, చిటికెడు వెంట్రుకలు. ఆ వెంట్రుకలు ఏ జంతువువో తెలియాలంటే గాజు పలక మీద రంగులేని గోళ్లరంగు పలచగా పూసి, వెంట్రుకను దాని మీద పరచి, ఆరాక మెల్లగా లాగేయాలి. వెంట్రుక మీది పొలుసుల అచ్చు గోళ్లరంగులో దిగుతుంది. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాం. ఇందుకోసం తాళ్లరేవులో ఫ్యాన్సీ షాపుకు వెళ్లి ఒకేసారి అరడజను సీసాలు కొన్నాను. నేను ఇల్లు చేరేలోపే కొట్టు అక్క మా అమ్మకు ఫోను చేసి, "మొత్తానికి సంబంధం కుదిరిందన్నమాట" అందట.

ఇక దారి. డెహ్రాడూన్‌లో భారతీయ వన్యప్రాణి సంస్థ ఉంది. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. తమిళనాడులో మైలాడుతురై ఏవీసీ కళాశాల ఉంది. ఇక్కడంతా వన్యప్రాణుల శాస్త్రంలోనే ఎం.ఎస్సీ. చెబుతారు. మీ అమ్మాయి ఎం.ఎస్సీ. ఎలాగూ అయింది కాబట్టి నెట్ అర్హత పరీక్ష రాసి నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థవారి లాకోన్స్ ప్రయోగశాల ఉంది. మలం నుంచి డీఎన్‌ఏ తీసి ఏ జంతువో చెప్పే పని అక్కడ జరుగుతుంది. బురద పడనివాళ్లకూ ఈ శాస్త్రంలో చోటుంది.

నా సలహా అడిగితే, ఆపకండి, అలాగని వెంటనే పంపకండి. ముందు ఒక్క వేసవి ఎవరి ప్రాజెక్టులోనైనా సహాయకురాలిగా పంపండి. మే నెలలో మడ అడవిలో దోమలు, మోకాలిలోతు బురద, మధ్యాహ్నం ఉప్పుగాలి. తిరిగి వచ్చాక కూడా అదే మాట అంటే మీరిక ఏం చెప్పినా వినదు. గణాంకశాస్త్రం, ఆర్ అనే కంప్యూటర్ భాష ఈలోగా నేర్చుకోమనండి. బి.ఎడ్. ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నాకు ఎనిమిదెకరాల వెనామీ రొయ్యల చెరువులున్నాయి. రాత్రిళ్లు చుక్కల పిల్లి ఒకటి గట్ల మీద తిరుగుతోంది. కాపలా మనిషి అది పులి పిల్ల అంటున్నాడు. రొయ్యలు తింటోందని అనుమానం. గట్టు చుట్టూ కరెంటు తీగ లాగాను. మీరేమంటారు?
ఒక రైతు, ఐ. పోలవరం

రైతుగారూ, ముందు తీగ తీసేయండి. మిగతా జవాబు తర్వాత చదవండి.

తీసేశారు కదా. ఆ తీగకు పిల్లికీ మనిషికీ తేడా తెలియదు. తెల్లవారుజామున నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ ఆగిందని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేది మీరే. ఇక చట్టం మాట. బావురు పిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పెద్దపులితో సమానం. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. నేను ఫిర్యాదు చేసే మనిషిని కాను, అలా చేస్తే రేపు ఏ గట్టు మీదా నాకు మంచినీళ్లు పుట్టవు. కానీ చచ్చిన పిల్లిని చూసీ చూడనట్టు పోయే మనిషినీ కాను.

అది పులి పిల్ల కాదు. ఇంటి పిల్లికి రెండింతలు మూడింతలు ఉంటుంది. మగదైతే పది పదిహేను కిలోలు కూడా తూగుతుంది. ఒళ్లు బూడిదరంగు, దాని మీద వరసలుగా నల్లచుక్కలు, నుదుటి మీద నిలువు చారలు, చెవుల వెనక తెల్లమచ్చ, ఒంటికి తగని పొట్టి తోక. కాలివేళ్ల మధ్య కొద్దిగా చర్మం ఉంటుంది. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. అందుకే మెత్తటి బురదలో పాదముద్ర చూస్తే గోటి గీత కనబడుతుంది. చుక్కలు లేకుండా, కాళ్లు పొడవుగా, చెవి కొన మీద చిన్న జుట్టుతో కనిపిస్తే అది వేరు, జంగుపిల్లి.

రొయ్యలు తింటుందా? నేను ఇప్పటిదాకా కడిగిన మలంలో ఎక్కువగా కనబడినవి చేప, ఎలుక, పీత. రొయ్య పెంకు అసలు లేదని చెప్పను, ఉంది, కానీ అరుదు. లెక్క మీకు తెలియనిది కాదు. వంద కౌంటు అంటే కిలోకు వంద, ఒక్కో రొయ్య పది గ్రాములు. పది గ్రాముల రొయ్య కోసం పది కిలోల జంతువు రాత్రంతా నీళ్లలో నానదు. మరి మీ గట్టు మీదకు ఎందుకొస్తోంది? ఒకటి, దానికి గట్టే రోడ్డు. నీళ్లలో ఈదగలదు కానీ, నడవడానికి ఆరిన నేల ఉండగా ఎవరు ఈదుతారు? రెండు, తూము దగ్గర కాలువ చేపలు చేరతాయి. మూడు, ఎలుకలు. మేత గోదాము ఉన్నచోట ఎలుకలుంటాయి, అవి వేసిన బొరియలే రేపు గట్టుకు గండి పెడతాయి. ఆ ఎలుకలను పట్టడానికి మీరు డబ్బిచ్చి మనిషిని పెడుతున్నారు. అదే పనిని పిల్లి ఉచితంగా చేసిపెడుతోంది.

మేత వేసి చూసే చెక్‌ట్రేలో రొయ్య తగ్గిందంటే ముందు నీళ్లు చూడండి. తెల్లవారుజామున ప్రాణవాయువు ఎంత ఉందో, తెగులు ఏమైనా మొదలైందో, పగలు నీటికాకులు ఎన్ని దిగుతున్నాయో చూడండి. ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మా నాన్న మూడో పంట పోయినప్పుడు మొదట తిట్టింది కూడా నక్కలనే. పదిహేను రోజుల తర్వాత రొయ్య తల మీద తెల్లమచ్చలు కనిపించాయి.

చచ్చిన రొయ్యలు, చేపలు గట్టు మీద పారేయకండి, సున్నం వేసి పూడ్చండి. వాసనకు పిల్లే కాదు, నక్కలు, కుక్కలు కూడా వస్తాయి. పీతలు రాకుండా కట్టే వల కంచె చిరుగులు లేకుండా చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. పండుగప్ప పెంచేవారికి మాత్రం నేను ఇంత ధైర్యంగా చెప్పలేను. అక్కడ పిల్లి చేపను తీసుకుపోవడం నిజం. అలాంటి చెరువుల్లో రాత్రి రెండుసార్లు మనిషి టార్చిలైటుతో గట్టు తిరగడం కంటే గట్టి ఉపాయం నాకింకా దొరకలేదు. ఎన్ని చేపలు పోతున్నాయో ఒక పంట కాలం రాసిపెట్టే రైతు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, నోటుపుస్తకం నేనే కొనిస్తాను.

ప్రశ్న: అక్కా, పిల్లులను ఎలా లెక్కపెడతారు? రోజూ అదే పిల్లి వస్తే రోజూ ఒకటని రాసేస్తారా?
ఎనిమిదో తరగతి విద్యార్థి, తాళ్లరేవు

తమ్ముడూ, మీ ఊరు మా ఊరికి పక్కనే. ఆదివారం వస్తే చూపిస్తాను. ఈలోగా ఇది చదువు.

ప్రతి బావురు పిల్లికి చుక్కల వరస వేరు. నీ వేలిముద్ర నీకు ఎలాగో దానికి చుక్కలు అలాగ. పిల్లి నడిచే దారికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు ట్రాప్ కెమెరాలు కడతాం. ఒంట్లో వేడి ఉన్నది ఏది కదిలినా అవి వాటంతటవే ఫొటో తీస్తాయి. రెండెందుకంటే కుడిపక్క చుక్కలు, ఎడమపక్క చుక్కలు ఒకేలా ఉండవు. ఒక పక్కే ఉంటే ఒకే పిల్లిని రెండనుకునే ప్రమాదం ఉంది.

అంతవరకు తేలిక. కెమెరాకు అసలు చిక్కని పిల్లుల మాటేమిటి? ఇంట్లో చింతగింజలతో చేసి చూడు. ఒక డబ్బాలో ఎన్నో లెక్కపెట్టకుండా గింజలు పోయి. ఇరవై తీసి సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ వేసి బాగా కలుపు. ఇప్పుడు కళ్లు మూసుకుని ముప్పై తీయి. వాటిలో ఆరింటికి గుర్తు ఉందనుకో. అంటే ఐదింట ఒకదానికి గుర్తుంది. నువ్వు గుర్తు పెట్టినవి ఇరవై. కాబట్టి డబ్బాలో వంద దాకా ఉన్నాయి. తర్వాత మొత్తం లెక్కపెట్టి ఎంత తేడా వచ్చిందో చూడు. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దం చివర్లో చేపలకు ఇలాగే గుర్తులు కట్టి వదిలాడు. మన దేశంలో ఉల్లాస్ కారంత్ అనే శాస్త్రవేత్త 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఇదే లెక్కను కెమెరాలతో పెద్దపులులకు పట్టించారు. పులికి గుర్తు పెట్టక్కరలేదు, చారలు అదే పుట్టుకతో తెచ్చుకుంటుంది. ఇప్పుడు ఏ పిల్లి ఏ కెమెరా దగ్గర కనబడిందో, కెమెరాల మధ్య దూరమెంతో కూడా లెక్కలోకి తీసుకుంటున్నాం.

కోరింగ అభయారణ్యంలో 2018 లెక్కలో 115 బావురు పిల్లులని తేలింది. ఒడిశాలోని చిలికా సరస్సు దగ్గర 2022లో 176 అన్నారు. అందులో ఒక్కొక్కటీ వరసలో నిలబడి హాజరు చెప్పింది కాదని నీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. మొదటిసారి కెమెరాలు కట్టినప్పుడు తిల్ల చెట్ల మొదళ్ల మీద బురద గీత చూసి, పోటు అంతవరకే వస్తుందనుకుని దానికి జానెడు పైన కట్టాను. అది పోటు తక్కువగా ఉండే సప్తమి నాటి గీత. పున్నమికి సముద్రం ఎంత లోపలికి తోసుకొస్తుందో గోదావరి ఒడ్డున పుట్టి కూడా మరిచిపోయాను. మూడు కెమెరాలు మునిగాయి. నాలుగోదానిలో వెయ్యికి పైగా ఫొటోలు వచ్చాయి. అన్నీ ఎండకు వేడెక్కి గాలికి ఊగుతున్న ఒకే కొమ్మవి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు దగ్గర కనబడిన చిరుతపులి తర్వాత మా కడియం నర్సరీల్లోకి వచ్చింది. పూలమొక్కల్లో దానికేం పని? మళ్లీ వస్తే బోనులో పట్టి దూరంగా అడవిలో వదిలేస్తే సరిపోదా?
ఒక నర్సరీ రైతు, కడియపులంక

మీకు అవి పూలమొక్కలు. చిరుతకు అవి మనిషెత్తు పొదలు, నీడ, ఎప్పుడూ తడిగా ఉండే నేల, కాలువలో నీళ్లు, రాత్రి కాపలా కుక్కలు. కుక్క దాని కంటికి కాపలాదారు కాదు, భోజనం. దివాన్‌చెరువు దగ్గర రిజర్వు అడవి ఉంది, ఉత్తరాన పాపికొండల దాకా కొండలున్నాయి. ఈడొచ్చిన చిరుతలు తల్లి ఇలాకా వదిలి సొంత చోటు వెతుక్కుంటూ బయలుదేరతాయి. అలా బయలుదేరినది రాత్రికి రాత్రి మైళ్లు నడవగలదు. తెల్లారేసరికి ఎక్కడ దాక్కునే చోటు ఉంటే అక్కడ ఆగుతుంది.

బోను సంగతి. మహారాష్ట్రలో జున్నర్ అనే చోట ఇదే చేశారు. చెరకు తోటల్లో చిరుతలను పట్టి దూరపు అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ అనే వన్యప్రాణి శాస్త్రవేత్త, ఆమె తోటివారు ఆ లెక్కలు తీసి చూస్తే, అంతకుముందు సగటున ఏడాదికి నాలుగు ఉన్న మనుషుల మీది దాడులు ఆ తర్వాత పదిహేడుకు పెరిగాయి. తెలియని చోట పడేసిన జంతువు బెదిరిపోయి ఉంటుంది. ఖాళీ అయిన చోటికి ఇంకొకటి వస్తుంది. అదే ఆత్రేయ తర్వాత అకోలే ప్రాంతంలో పొలాల మధ్యనే కెమెరాలు కట్టి, నూరు చదరపు కిలోమీటర్లకు ఐదు చిరుతల దాకా జనం మధ్యే బతుకుతున్నాయని చూపించారు. వాటి తిండిలో అన్నిటికంటే పెద్ద వాటా కుక్కలది. కాబట్టి మళ్లీ వస్తే, గుంపుగా కర్రలతో వెంటపడకండి, ఫోన్లు పట్టుకుని ఫొటోల కోసం అసలే పోకండి. సాయంత్రమయ్యాక పిల్లలను ఒంటరిగా తిరగనివ్వకండి. కోడి వ్యర్థాలు రోడ్డు పక్కన పారబోసేవారిని గట్టిగా అడగండి. వాటికి కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది.

ప్రశ్న: మా ఊరికి వచ్చిన ఒకతను నక్క కొమ్ము అమ్ముతున్నాడు. ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందట. మీరు నక్కల మీదే డాక్టరేటు చేశారు కాబట్టి అడుగుతున్నాను, నిజమేనా?
ఒక పాఠకుడు, కాట్రేనికోన

నాలుగేళ్లు నక్కల వెంట తిరిగాను. కొమ్మున్న నక్క ఒక్కటీ కనబడలేదు. నక్క పుర్రె మీద కొమ్ము మొలవదు. అతను అమ్మేది చర్మం ముక్క, ఎముక, వెంట్రుకలు కలిపి కుట్టిన బొమ్మ. ఆ చర్మం కోసం నక్కను చంపి ఉంటే అది నేరం, కొన్నా నేరమే. కలిసొచ్చేది అతనికే. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు కదా, అదీ నేను చూశాను. డాక్టరేటు రోజుల్లో మత్తిచ్చిన నక్క తోక పొరపాటున తొక్కాను. ఆ నెలే జీతం ఆగింది.

ప్రశ్న: ఏట్లో వేసిన వలలను నీటికుక్కలు చింపేస్తున్నాయి. వల ఖరీదు ఎవరిస్తారు?
ఒక మత్స్యకారుడు, భైరవపాలెం

అన్నా, వల ఖరీదు ఇప్పించే దారి నా చేతిలో ఉంటే ఈ జవాబు రాయకుండా ఆ కాగితాలే రాసేదాన్ని. నీటికుక్కలు ఒంటరిగా తిరగవు, కుటుంబంగా వేటాడతాయి. చేపలను ఒకవైపు తరిమి చుట్టుముడతాయి. వలలో చిక్కి కొట్టుకునే చేప వాటికి వడ్డించిన విస్తరి. అవి ఎక్కడ తిరుగుతాయో మీకే బాగా తెలుసు. ఒడ్డున పొలుసులతో నిండిన మలం ఒకేచోట కుప్పగా ఉంటుంది, ఘాటైన చేపవాసన వస్తుంది. ఆ మలుపులో రాత్రంతా వల వదిలి రాకండి. వేసినా త్వరగా ఎత్తండి. చిరుగులన్నీ వాటి ఖాతాలో రాయకండి, మండపీత డెక్క కూడా వలను కత్తిరిస్తుంది. బంగ్లాదేశ్‌లో నడైల్ వైపు జాలరులు తరతరాలుగా నీటికుక్కలను పెంచి, వాటి చేతనే చేపలను వలలోకి తోలించుకునేవారు. మీరు అలా చేయమని అనడం లేదు, ఇక్కడ అది చట్టానికి విరుద్ధం.

ప్రశ్న: అమ్మాయీ, ప్రజల డబ్బుతో పులిని కాపాడమంటే అర్థముంది. పిల్లిని లెక్కపెట్టడం వల్ల దేశానికి ఒరిగేదేమిటి?
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

మాష్టారూ, బావురు పిల్లి లేకపోతే డెల్టా మునిగిపోతుందని అబద్ధం చెప్పలేను. పులికి 1973 నుంచి సొంత పథకం ఉంది, అభయారణ్యాలున్నాయి, పోస్టల్ స్టాంపు ఉంది. పిల్లికి ఉన్నదల్లా గట్టు. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కానీ దాని సరిహద్దు రాయి పిల్లికి తెలియదు. రాత్రి మడలో ఉంటుంది, అర్ధరాత్రికి చెరువుల్లో ఉంటుంది, తెల్లవారేలోపు రోడ్డు దాటుతుంది. 216వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒకసారి చచ్చిన ఆడ బావురు పిల్లిని చూశాను. పాలు చేపుకొచ్చి ఉన్నాయి. దాని పిల్లలు ఏ పొదలో ఉన్నాయో రెండు రోజులు వెతికాను, దొరకలేదు. ఎక్కడ దాటుతుందో తెలిస్తే అక్కడ కల్వర్టు కింద దారి వదలమని అడగవచ్చు. తెలియకుండా ఏమని అడగను? డెహ్రాడూన్ సంస్థవారు కోరింగ పిల్లుల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టే పనికి పూనుకున్నది కూడా ఇందుకే. నాకయ్యే ఖర్చు మీకు వివరంగా పంపగలను. అందులో పెద్ద పద్దు పడవ డీజిలు.

ప్రశ్న: ఇన్ని ఫొటోలు, ఇన్ని లెక్కలు రాశారు. మీరు ఎప్పుడైనా బావురు పిల్లిని కళ్లారా చూశారా?
ఇంటర్ విద్యార్థిని, యానాం

బతికున్నదాన్ని, రెండుసార్లు. మొదటిసారి పడవలోంచి, టార్చి వెలుగులో రెండు ఆకుపచ్చ కళ్లు. అది చూసినట్టు కాదు.

రెండోసారి పోయిన కార్తీకంలో. పున్నమి వెళ్లిన మూడో తెల్లవారుజాము. కెమెరాల బ్యాటరీలు మార్చి, చలికి వణుకుతూ మా పాత చెరువు గట్టు మీది పాక దగ్గర ఆగాను. ఇప్పుడు ఆ చెరువు వేరొకరిది. కాపలా తాత మాత్రం నాన్న కాలం నాటి మనిషే. పొయ్యి మీద టీ కాస్తున్నాడు. పడమట చంద్రుడు ఇంకా పైనే ఉన్నాడు. మాట్లాడబోతే తాత చేతితో ఆపి, గడ్డంతో తూము వైపు చూపించాడు.

పదిహేనడుగుల దూరం. తూము దిమ్మ మీద కూర్చుని ఉంది, అమ్మమ్మలు అరుగు మీద కూర్చున్నట్టు, ఒళ్లంతా ముద్దచేసుకుని. చుక్కలు కనబడలేదు, వెన్నెట్లో అంతా ఒకే బూడిదరంగు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ముందుకాలు చాచి నీటి మీద మెల్లగా రెండుసార్లు తట్టింది. మళ్లీ ఏమీ లేదు. నా కాలు తిమ్మిరెక్కింది. ఉన్నట్టుండి ముందు సగం ఒళ్లు నీళ్లలో ఉంది, వెనక సగం దిమ్మ మీద ఉంది, పొట్టి తోక నిటారుగా లేచింది. పైకొచ్చేసరికి నోట్లో జానెడు చేప. తల విదిలిస్తే నీటి చుక్కలు వెన్నెల్లో చెల్లాచెదురయ్యాయి. మా వైపు ఒకసారి చూసి, తొందరేమీ లేకుండా, ఒక్కో కాలు దులుపుకుంటూ గట్టు వెంట తిల్ల చెట్లలోకి పోయింది. కెమెరా నా మెడలోనే ఉంది. తీయాలని గుర్తే రాలేదు.

"దీనికోసమా అమ్మా ఇన్ని కెమెరాలు కట్టావు? అడిగితే నేనే చూపించేవాడిని కదా. రోజూ ఈ వేళకే వస్తుంది" అన్నాడు తాత.

ఎప్పటినుంచి అని అడిగాను.

టీ గ్లాసు చేతికిస్తూ, "ఇది కాకపోతే దీని అమ్మ. మీ నాన్న చెరువు తవ్వకముందు నుంచే" అన్నాడు.